రవ్వ దూకని పెట్టె

“తిప్పు అప్పా! ఇంకా గట్టిగా తిప్పు!”

అటెండరు గౌస్ పీర్ చెమటలు కక్కుతూ పిడి తిప్పుతున్నాడు. గాజుపెట్టెలో కరెంటు పుట్టించే చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి. రెండు ఇత్తడి గుండ్ల మధ్య రవ్వ మాత్రం దూకడం లేదు.

కాలేజీ చూడటానికి హైదరాబాదు నుంచి వచ్చిన అధికారి ఆవులించాడు. వెనక పిల్లకాయలు కిసుక్కున నవ్వారు.

ఫిజిక్సు లెక్చరరు హనుమంతరాయుడు పెట్టె చుట్టూ తిరుగుతూ తిప్పమని అరుస్తున్నాడు. నిన్న బెత్తెడు రవ్వ పటపటలాడింది. అనంతపురం దుమ్ము సోకకుండా యంత్రాన్ని ఎప్పుడూ ఆ పెట్టెలోనే బిగించి ఉంచుతారు. మరి ఏమైంది?

మూత ఎత్తాడు. తియ్యటి ఘాటు గుప్పుమంది.

“కార్బన్ టెట్రాక్లోరైడ్! ఈ ఆవిరి కలిస్తే గాలి కరెంటుకు గోడకట్టినట్టే సార్. అందుకే రవ్వ దూకలేదు.”

అట్టముక్కతో విసిరి విసిరి ఆవిరంతా తోలేశాడు. పిడి తిప్పగానే ఠప్! నీలం రవ్వ దూకింది. హాలంతా చప్పట్లు.

ప్రిన్సిపాలు శ్రీరంగప్ప మాత్రం కొట్టలేదు.

“ఆ మందు బీరువా తాళం ఎవరి దగ్గర ఉండాది?”

తాళం ఉండేది గౌస్ పీర్ దగ్గరే. హనుమంతరాయుడి తెలివి పోయి పోయి ఆ పేదవాడి మెడకు చుట్టుకుంది.

“పెద్దాయన ముందర నన్ను నవ్వులపాలు చేసినావు గదరా! ఎవరి పని ఇది? చెప్పకుంటే ఈపొద్దే నీ ఉద్యోగం ఊడబీకుతా!” ప్రిన్సిపాలు అటెండరు మీద విరుచుకుపడ్డాడు.

గౌస్ పీర్ యంత్రం పిడిని గుడ్డతో తుడవసాగాడు.

ముందు వరుసలోంచి ప్రిన్సిపాలు భార్య సుబ్బరత్నమ్మ లేచింది. “పోనీలేండి, బిడ్డలు గలోడు. రవ్వ వచ్చింది గదా.”

ఎంత మంచి మనసు అనుకున్నాడు హనుమంతరాయుడు.

“నువ్వు కూర్చో!” కసిరాడు ప్రిన్సిపాలు.

హనుమంతరాయుడు గౌస్ పీర్ భుజం పట్టి కుదిపాడు. “అన్నా, నోరు తెరువు! అది నూనె మరకలు తీసే మందు. దేనికి వాడినావు?”

“పట్టుచీరకు సార్. మరక పోయింది. బయట ఆరేస్తే దుమ్ము పడతాదని, వద్దంటున్నా వినకుండా రాత్రి తడిచీర తెచ్చి ఈ పెట్టెలో పెట్టి, ఆరినాక పొద్దున తీసుకపోయినారు.”

“నీ పెండ్లామా?” గద్దించాడు ప్రిన్సిపాలు.

“మా నూర్జానుకు పట్టుచీర యాడిది సార్?”

“మరి ఎవరు? పేరు చెప్పు! ఎవరైనా సరే, మళ్ళీ ఈ గడప తొక్కనీయను!”

గౌస్ పీర్ చేతులు కట్టుకున్నాడు.

“సుబ్బరత్నమ్మ గారు, సార్.”