కోతకు ముందు పంది

"గట్టిగా పట్టుకో, ఒప్పియస్," అంటూ పొలం గట్టున కైసో ఆడపంది గొంతు కోశాడు. నెత్తురు గోధుమ వెన్నుల మీదికి చిమ్మింది. పందులమ్మే ఒప్పియస్ గిలగిల్లాడే కాళ్లను అదిమి పట్టాడు.

"సెరెస్ తల్లీ, పంటల తల్లీ, మా ఇంటి దోషం ఈ నెత్తురుతో పోవాలి," అని కైసో మొక్కాడు.

కైసో వదిన పోస్తుమియా పంది నెత్తిన ద్రాక్షసారా పోసింది. "కోతలకల్లా మీ అన్న కపువా పట్నం నుంచి వచ్చేస్తాడన్నావుగా, మరిదీ. ఈ పూజ ఆయన చేతుల మీదుగా జరగాల్సింది."

"అన్నయ్య వచ్చేదాకా పంట ఆగుతుందా, వదినా?"

అమ్మిన సరుకు గురించి ఆరా తీయడం ఒప్పియస్‌కు అలవాటు లేదు. అయినా నోటిదురద ఆగలేదు.

"ఇంట్లో చచ్చినవాడి మీద మట్టి వెయ్యనోళ్లే కదయ్యా, కోతకు ముందు ఈ పందిని బలిచ్చేది. మీ నాన్న మీద నేనూ ఓ గుప్పెడు వేశాను. మరి ఇదెవరికి?"

నవ్వుతాలకే అన్నాడు. కైసో మాత్రం కత్తి ఎత్తి మీదికొచ్చాడు. ఒప్పియస్ పందిని వదిలేసి, ఆ మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. ఎముక పుటుక్కుమంది.

పోస్తుమియా ఏడవలేదు. వంగి, దోసెడు మట్టి తీసుకుంది.

"మీ అన్న ఎక్కడున్నాడో చూపించు," అంది.