ఒక్క గుమ్మానికి తాళంచెవి

"మౌస్ వదిలెయ్ అక్కా! ముట్టుకోకు!" తమ్ముడు అరిచాడు.

"నేను ముట్టుకుంటేగా!" కళ్ళ డాక్టరైన అక్క రెండు చేతులూ పైకెత్తి చూపించింది.

తెర మీద బాణం గుర్తు దానంతటదే కదులుతోంది.

పొద్దుటి నుంచీ ఊళ్ళో ఆస్పత్రుల కంప్యూటర్లన్నీ వైరస్ దెబ్బకి పడకేశాయి. వాటికి వైద్యం చేసి చేసి అలిసిపోయి, కాసేపు నడుం వాలుద్దామని అక్క క్లినిక్‌కి వచ్చాడు తమ్ముడు. ఇక్కడి కంప్యూటర్‌కి ఆ బెడద లేదు. దీన్ని నడిపించేది బజారు సరుకు కాదు, బావ సొంతంగా రాసుకున్న ప్రోగ్రాం. ఆయన పోయాక కూడా అక్క దాన్ని మార్చనివ్వలేదు.

"దీని జోలికెవరొస్తారన్నావు? దొంగ ఊరంతటికీ పనికొచ్చే మారు తాళంచెవి చేయించుకుంటాడు గానీ, ఒక్క గుడిసె కోసం చేయించుకోడన్నావు!"

"అన్నాను. ఇప్పుడు భయమేస్తోంది కూడా అందుకే. ఆ వైరస్‌కి నువ్వూ నేనూ ఒకటే, ఎవరు దొరికితే వాళ్ళ మీద పడుతుంది. దీన్ని మాత్రం లోకంలో వాడేది నువ్వొక్కదానివే. ఈ గుమ్మానికే తాళంచెవి చేయించుకున్నవాడు, నీకోసమే వచ్చాడక్కా."

బాణం పేషెంట్ల వివరాల వైపు కన్నెత్తయినా చూడలేదు. అలవాటైన ఇంట్లో చీకట్లో నడిచే మనిషిలా, తడుముకోకుండా వెళ్ళి ముందుగది కెమెరా తెరిచింది. బడి నుంచి వచ్చిన అక్క కూతురు బెంచీ మీద బొమ్మలేసుకుంటోంది. వంచిన తల, పాపిట తప్ప ఏమీ కనబడటం లేదు. తెర మీద పాప రూపం పెద్దదయింది. ఇంకా పెద్దదయింది.

"పాపని చూస్తున్నాడు! వైరు పీకేస్తున్నా!"

ఆమె వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎందుకో ఆమెకే తెలీదు.

"దీని లోగుట్టు ఎవరెవరికి తెలుసురా?"

"బావకి."

"ఇంకా?"

"ఇంకెవరికీ తెలీదు."

ఆ రోజు బావ ఎక్కిన పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చింది గానీ మనిషి రాలేదు. అప్పటికి పాప ఇంకా కడుపులోనే ఉంది.

ఆమె టైప్ చేసింది: "ఎవరు నువ్వు?"

బాణం ఆగిపోయింది. కాసేపటికి, తొందరేమీ లేనట్టు, ఒక్కో అక్షరమే తేలింది:

"పాపని ఒక్కసారి తలెత్తమను. ఇంతవరకూ మొహం చూడలేదు."