తాటిదుంగ మీద సేనాపతి

నా గొంతు బాగుంటుందని నేనే చెప్పుకుంటాను. ఆ శ్రమ పక్కవాళ్ల మీద పెట్టకపోవడం ఈ కాకి మంచితనం. అందుకే కోళ్ల సైన్యంలో యుద్ధవార్తలు చాటే పని నాకిచ్చారు.

బాతుల గుడ్లు కాలవ అవతలి గట్టున ఉన్నాయి. వాటి కోసం వచ్చిన ముంగిసలు, కోళ్లు అడ్డు రాకుండా ముందుగా తాటిదుంగ వంతెన అవతలి చివర కాపు కాశాయి. కొత్తగా సేనాపతైన ఎర్రటి డేగపుంజు "నా వెనకే రండి!" అంటూ దుంగెక్కింది. నాలుగడుగులేసి వెనక్కి చూస్తే ఒక్క కోడీ రాలేదు. ఆ చూడ్డంలోనే కాలు జారి బురదలో పడింది.

ముంగిసలు వంగి ఆ వింత చూస్తుండగా, బాతులు ఈదుకుంటూ అవతలికెళ్లి వాటిని వెనక నుంచి పొడిచి తరిమేశాయి. ముసలి బాతు నీలమ్మ పుంజుని ఒడ్డుకి లాగింది.

"బాబూ, ఈతొచ్చిన మాకు వంతెనెందుకు? అడిగితే చెప్పేవాళ్లం గదా!"

"యుద్ధమన్నాక వంతెన ఉండాలి పిన్నీ," అంది పుంజు, ఈకలు దులుపుకుంటూ.

"డేగపుంజు ఒంటరిగా వంతెన గెలిచింది!" అని నేను చాటాను. కోళ్లన్నీ జేజేలు కొట్టాయి.

"ఏరా కాకీ, మేం కనబడలేదా?" అంది నీలమ్మ.

"కనబడ్డారత్తా. మిమ్మల్ని కలిపితే కథ చప్పబడుతోంది."

మర్నాడు ముంగిసలు మళ్లీ వచ్చాయి. ఈసారి కోళ్లన్నీ నమ్మకంగా పుంజు వెనకే దుంగెక్కాయి. వాటిని నీళ్లలోంచి తీసేసరికి బాతులకు పొద్దుగూకింది. ఈలోగా ముంగిసలు గుడ్లన్నీ తినేసి వెళ్లాయి.

"సైన్యమంతా వంతెన మీద నిలబడింది!" అని చాటాను.

చూసింది చూసినట్టు చెప్పడం నాకింకా రాలేదు.