పెద్దాయనకు చాయ్

నల్లమలలో చెట్టుచెట్టుకూ చెవులు మొలిచిన కాలమది. ఎవరు కేకేసినా అడవే విని, రేంజర్ హైమావతికి చెప్పి, డ్రోనుతో సాయం పంపేది.

ఆ ఉదయం తేనెకు వెళ్లిన ఈరమ్మ కేకేసింది. "అమ్మా, పెద్దాయనొచ్చిండు! తొవ్వకడ్డంగ కూసున్నడు!"

"పై అధికారి తనిఖీకి వచ్చారు," అని అడవి వినయంగా తేల్చింది. "చాయ్ పంపించాను."

హైమావతి కుర్చీలోంచి లేచింది. "చాయ్ ఏందే, నీ మొఖం! సైరన్ కొట్టు!"

కొండలు దద్దరిల్లేలా సైరన్ మోగింది. అంతలో ఈరమ్మ నవ్వు. "పొదల్లకు దుంకిండమ్మా! చాయ్ నేనే తాగుతున్న."

"పెద్దాయన అంటే ఎవరో చెప్పండి, గుర్తుపెట్టుకుంటాను," అంది అడవి.

హైమావతి నోరు తెరిచి, చప్పున మూసుకుంది. అడవిలో ఆ జంతువు పేరెత్తితే రమ్మని పిలిచినట్టే.

"చారలాయన," అంది గొంతు తగ్గించి.

"అర్థమైంది. చారల చొక్కా వేసుకున్న అధికారి."