గట్టు మీద మోగిన ఫోను

అల్లవరంలో రొయ్యల చెరువున్నవాడెవడూ రాత్రిపూట ఫోను రెండోసారి మోగనివ్వడు. నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోతే తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి తేలతాయి. అందుకే గంగరాజు బండి నడుపుతూనే ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించేవాడు.

"ఈసారి బండి ఆపకుండా ఫోనెత్తేరంటే నా మీద ఒట్టేనండి," అంది భార్య సుభద్ర, ఆ రాత్రి చెరువుకి బయల్దేరుతుంటే.

కాలవగట్టు మీద ఫోను మోగింది. తెర మీద చెరువు కాపలా నూకయ్య పేరు. గంగరాజు విసుక్కుంటూనే బండి ఆపి, ఇంజను కట్టేసి ఎత్తాడు.

"ఏరేటర్లు ఆగిపోయేయండీ! ఎక్కడా ఆగకండి, మాట్లాడుతూ వచ్చేయండి."

గొంతు నూకయ్యదే. కానీ ఇంజను మోత లేని ఆ చీకట్లో, కాలవ అవతల తన ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్న చప్పుడు హాయిగా వినిపిస్తోంది.

"తిరుగుతున్నాయి కదరా?"

"బండెక్కండి."

గంగరాజు టార్చి వేశాడు. ముందు చక్రానికి జానెడు దూరంలో గట్టు తెగి కాలవలోకి జారిపోయి ఉంది.

పిలుస్తున్నది నూకయ్య కాదని అర్థమై బండిని వెనక్కి లాగాడు. ఆ వెనకే నవ్వు తన్నుకొచ్చింది.

"ఎక్కనురా! మా ఆవిడ ఒట్టు పెట్టింది. ఏం చేసుకుంటావో చేసుకో!" అని కాలవ దద్దరిల్లేలా అరిచాడు.

తెగిన గట్టు కింద, నీళ్ల అడుగున, ఫోను తెరంత వెలుగొకటి మెల్లగా ఆరిపోయింది.