తాళంకప్ప మీద రాయి

పెద్దాయన సైకిల్ మీంచి మళ్లీ పడ్డాడు. ఈసారి కాఫీ చెట్లలోకి.

ఎలోయినా పొయ్యి వదిలేసి పరుగెత్తుకొచ్చింది. పాపం అనాలనే అనుకుంది గానీ, ముందు నవ్వొచ్చేసింది.

"ఈ వయసులో నీకు సైకిల్ పిచ్చేమిటి తాతా? దేవుడు నడవమని కాళ్లిచ్చాడుగా!"

"ఈ దారిన పోయేవాళ్లంతా పాడుకుంటూ పోతున్నారు. అందులో ఏముందో చూద్దామని." ఆయన మోచేతికంటిన మట్టి దులుపుకున్నాడు. "నవ్వు నవ్వు. నవ్విన నాపచేనే పండుతుంది. ముందు నన్ను లేపు."

పేరు తూలియో అన్నాడు. డాక్టరు కొండగాలి పీల్చమంటే పట్నం నుంచి వచ్చానన్నాడు. వేడినీటి ఊటల దగ్గర సత్రంలో అలాంటి ముసలాళ్లు నిత్యం దిగుతుంటారు. వాళ్లలో ఒకడనుకుంది ఎలోయినా.

ఆ కొండల్లో రైళ్లు ఆగిపోయాయి. పట్టాలు ఊడబీకాక మిగిలిన దారి సైకిళ్లదైంది. లారీల మోత లేదు, హారన్ల గోల లేదు. పాత స్టేషనులో ఎలోయినా కొట్టు పెట్టుకుని, వచ్చేపోయేవాళ్లకి వేడివేడి బెల్లం నీళ్లు, జున్నుముక్క, మొక్కజొన్న రొట్టె పెడుతుంది. సత్రంవాళ్లిచ్చిన సైకిలు పెద్దాయనకి మరీ ఎత్తని, మూల పడున్న మొగుడి పాత సైకిలు తెచ్చిచ్చింది. సీటు పట్టుకుని వెనకాల పరుగెత్తే పని కూడా తనే చేసింది.

"ముందుకు చూడు తాతా, చక్రం వంక కాదు!"

"పడతానేమో!"

"పడితే లేద్దువుగాని. తొక్కు!"

అలా తొక్కుతూ, పడుతూ ఒకనాడు ఎస్టేటు గేటు దాకా వచ్చారు.

దారి అక్కడితో ఆగిపోతుంది. ఇనుప గేటు, దానికి కొబ్బరికాయంత తాళంకప్ప. గేటు అవతల అదే దారి చెట్లనీడన చల్లగా ఏటి దాకా పోతుంది. కానీ ఏం లాభం? సైకిళ్లన్నీ అక్కణ్ణుంచి కిందికి దిగి లారీల రోడ్డెక్కాల్సిందే.

ఎలోయినా ఒక రాయి తీసి తాళంకప్ప మీదికి విసిరింది. ఠంగున మోగింది.

"దీని దొర నోటికి ఇదే తాళం పడ!"

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. "ఇదేం మొక్కు?"

"ఇక్కడి ఆనవాయితీ. రాయేసి, దొరని తిట్టి బయల్దేరితే లారీ మన జోలికి రాదు. మా ఆయన రోజూ వేస్తాడు."

"రోజూనా?"

"చెరుకు గానుగ ఏటికి అవతలుంది మరి. తెల్లారకముందే ఆ లారీల మధ్యన పడి పోతాడు. పోయినేడు ఒకటి రాసుకుపోతే కాలవలో పడ్డాడు. భుజం ఎముక విరిగింది. సాయంత్రం సైకిలు గోడకానించిన చప్పుడు వినేదాకా నాకు ముద్ద దిగదు తాతా."

"దొరతో చెప్పుకోలేకపోయారా?"

"దొర మొహం చూసినవాడుంటేగా! మెడెయిన్ పట్నంలో ఉంటాడట. మేనేజరు గిల్దార్దోని అడిగితే, ఎవరో గేటు తీసి వదిలేశారట, దొరగారి ఆవు రోడ్డెక్కి లారీ కింద పడిందట, అందుకని తాళమట. ఆవు పోయిందని మనుషుల్ని లారీల కిందికి తోలతారా ఎక్కడైనా?"

పెద్దాయన మెల్లగా వంగి, ఒక రాయి ఏరుకుని, గురిచూసి కొట్టాడు.

ఠంగున మోగింది.

"మరి తిట్టలేదేం?"

"ఏమని తిట్టను?"

"ముసలి పిసినారి అను."

"ముసలి పిసినారి!" అని కొండ మారుమోగేలా అరిచాడు. ఇద్దరూ కడుపుబ్బ నవ్వారు.

అది మొదలు, ఆ తాళం మీద రాయి వెయ్యందే ఆయన వెనక్కి తిరగలేదు.

ఒక సాయంత్రం సైకిలు వంకర్లు పోతూనే చాలా దూరం సాగింది.

"గట్టిగా పట్టుకున్నావా?" అని అరిచాడు.

"ఎప్పుడో వదిలేశాను!" ఎలోయినా వెనకెక్కడో నిలబడి చప్పట్లు కొడుతోంది.

ఆయన పసివాడిలా మురిసిపోయాడు. "ఇవాళ్టికి సైకిలు నా దగ్గరే ఉంచుకోనా అమ్మాయ్?"

"ఉంచుకో. ఏట్లో మాత్రం పడేయకు."

మర్నాడు పొద్దున్నే, గానుగకి బయల్దేరిన ఆమె మొగుడు అల్డెమార్ సగం దారిలోంచి తిరిగొచ్చాడు.

"ఎలోయినా! గేటు బార్లా తీసుంది! తాళం లేదు!"

ఆమె మొగుణ్ణి కావిలించుకుని ఏడ్చింది. కళ్లు తుడుచుకోగానే పెద్దాయనే గుర్తొచ్చాడు. ఉన్నవాటిలో పెద్ద జున్నుముక్క అరిటాకులో చుట్టి పరుగు తీసింది.

గేటు దగ్గర తడిమట్టిలో సైకిలు జాడ కనబడింది. పాములా మెలికలు తిరుగుతూ లోపలికి పోయింది. అన్ని వంకర్లు తొక్కేవాడు లోకంలో ఒక్కడే.

"అమ్మ తాతా! అందరికంటే ముందే పోయావా!"

జాడ ఏటి దాకా పోయింది. ఒడ్డున ఒకచోట పడ్డ గుర్తు కూడా ఉంది. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి, ఎస్టేటు బంగళా వైపు మళ్లింది.

దారి తప్పాడు పిచ్చి తాత! గిల్దార్దో కుక్కల్ని వదిలితే?

ఆమె ఎత్తంతా ఒక్క ఊపున ఎక్కేసింది. బంగళా గోడకి సైకిలు ఆనించి ఉంది. మెట్ల మీద గిల్దార్దో టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆ పెద్దాయన్నేమీ అనకండి! తెలీక వచ్చుంటాడు. ఆయన మా మనిషి!"

గిల్దార్దో తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రాత్రి నిద్రలోనే పోయారమ్మా. నిన్న సాయంత్రం ఒళ్లంతా మట్టితో, నేనెన్నడూ చూడనంత నవ్వుతూ వచ్చి, 'ఇన్నేళ్లు ఊరంతా రాళ్లేసినా నా తాళం ఊడలేదు గిల్దార్దో, నేనేస్తే ఊడింది' అన్నారు."