కిటికీ దగ్గర కేకలు

"ఒరేయ్ మేస్త్రీ! ఉన్నావా, పోయావా?"

సాయంత్రమయ్యేసరికి కిటికీ దగ్గర అదే బొంగురు కేక. వీధి వీధంతా ఉలిక్కిపడేది.

కూతురికి తల కొట్టేసినట్టయ్యేది. లైబ్రరీలో ఉద్యోగం ఆమెది. ఇంటినీ లైబ్రరీలాగే ఉంచింది. ఆ వంటింట్లో గరిటె కూడా చప్పుడు చేయడానికి జంకేది.

ఆ మనిషి ఎవరో ఆమెకు తెలియదు. నూలు మిల్లులో మేస్త్రీగా చేసి రిటైరైన తండ్రికి పార్కులో తగులుకున్నాడట. 'లౌడ్‌స్పీకర్' అని పేరు పెట్టుకుంది.

వస్తూనే తండ్రి నోట్లోని సిగరెట్టు లాగి పారేసేవాడు.

"లేవరా బద్ధకిష్టీ! నడువు!"

రెక్క పట్టుకుని లాక్కుపోయేవాడు. దారి పొడవునా ఇద్దరికీ ఒకటే వాదులాట.

ఒకరోజు ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఏమండీ, మా నాన్నగారిని ఒరేయ్ గిరేయ్ అంటూ వీధిన పెడతారా?"

"అది కాదమ్మా, మీ నాన్నకి..."

లోపల్నుంచి తండ్రి కంగారుగా, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఇతగాడి రాక నాన్నకూ ఇష్టం లేదన్నమాట, అనుకుంది ఆమె.

అతను మాట మింగేశాడు.

"ఇంకోసారి ఈ గుమ్మం తొక్కకండి."

తొక్కలేదు.

ఇల్లు ప్రశాంతమైంది. తండ్రి కుర్చీకి అతుక్కుపోయాడు. సిగరెట్టు మీద సిగరెట్టు. అడిగినదానికి పొంతన లేని జవాబు. కొన్నాళ్లకు ఆ జవాబూ లేదు. వయసు మీద పడింది పాపం అనుకుని, ఆమె మరింత మెల్లగా, మరింత మర్యాదగా మాట్లాడేది.

ఒక ఉదయం కాఫీ అందిస్తుంటే తండ్రి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఎవరమ్మా నువ్వు?"

ఆమె ఆ పూటే ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది. నాన్న తప్ప ఆమెకు నా అన్నవాళ్లు లేరు.

డాక్టరమ్మ ముందుగా చెవులు పరీక్షించింది.

"ఈయనకు వినపడక చాలా ఏళ్లయింది. మీకు తెలీదా?"

"అదేంటండీ! మొన్నమొన్నటి దాకా బాగానే మాట్లాడేవారు."

"ఎవరితో?"

ఆమెకు కిటికీ దగ్గరి ఆ బొంగురు కేక గుర్తొచ్చింది.

"చెవుడు, ఒంటరితనం, పొగ, కదలకుండా కూర్చోవడం... ఇవన్నీ ఈ మతిమరుపు జబ్బు ముప్పును పెంచేవే. ముందే జాగ్రత్తపడితే ఆ ముప్పు కొంత తగ్గేది. చెవికి మిషను పెడదాం. కానీ పోయిన జ్ఞాపకం తిరిగొస్తుందని మాటివ్వలేను."

"మీ కాళ్లు పట్టుకుంటానండీ, ఏదో ఒకటి చేయండి!"

"ముందు ఆయన్ని కదిలించి మాట్లాడించే మనిషి కావాలమ్మా."

ఆమె పార్కుకు పరుగెత్తింది. కనిపించిన వాళ్లందరినీ అడిగింది. ఇల్లు తెలుసుకుని తలుపు తట్టింది. కాళ్లావేళ్లా పడైనా తీసుకెళ్లాలి.

ఒక పెద్దావిడ తలుపు తీసింది.

"పిన్నిగారూ, నేను మేస్త్రీగారి అమ్మాయిని. బాబాయిగారున్నారా? అదే... గట్టిగా మాట్లాడతారే, ఆయన."

"గట్టిగానా!" ఆవిడ కళ్లు నిండాయి. "ఆయన పోయి నెల దాటిందమ్మా."

ఆవిడ ఆమెను లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

"నా పిల్లకి నా చెవుడు సంగతి చెప్పొద్దురా అని మీ నాన్న ఒట్టు వేయించుకున్నాడట. ఈయనదేమో సిగరెట్లకు పాడైన గొంతు, అరవొద్దని డాక్టర్లు మొత్తుకున్నారు. పగలంతా మాతో సైగలేనమ్మా... ఉన్న ఆ కాస్త గొంతూ సాయంత్రం మీ నాన్న కోసం దాచుకునేవారు."